స్టెయిన్ బాగాలేదని రాశాను

ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివితే వద్దనను కానీ వాళ్ళు మారరు. నేనూ మారలేదు, ఒక ఆడపిల్ల నా వేలు పట్టుకొని సూదితో గుచ్చేదాకా.

ముప్పై మూడేళ్ళు మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి బతికాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల నేను తాగని ఊరి నీళ్ళు లేవు. రిటైరై రెండేళ్ళయింది. వీడ్కోలు సభలో శాలువా కప్పి, "సర్వీసంతా ఒక్క తప్పు రిపోర్టు ఇవ్వని మనిషి" అని మైకులో పొగిడారు. ఆ మాట అన్నాయన కొత్తగా బదిలీ మీద వచ్చాడు, ఆయనకేం తెలుసు? నాకు తెలుసు. అయినా దండ వేయించుకొని, మైసూరుపాకు తిని, నోరు మూసుకొని కూర్చున్నాను. ఆ రోజు మింగిన కోపం ఇప్పటికీ అరగలేదు.

ఏ ఊరి ఆసుపత్రో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ పని చేసేవాళ్ళ పీకల మీదికి వస్తుంది. పల్లెల నుంచి బస్సు దిగి నేరుగా వచ్చే జనం, చాలని మంచాలు, ఒక్క ఫ్యాను తిరిగే ల్యాబు. అలాంటి ఆసుపత్రి అనుకుంటే చాలు. ల్యాబులో ఇద్దరం. నేను, కాంట్రాక్టు మీద చేరిన ఒక అమ్మాయి. ఆ అమ్మాయి చింతామణి నుంచి రోజూ బస్సులో వచ్చేది. మా ఇంట్లో తాతల నాటి నుంచి అందరూ అంగళ్ళవాళ్ళే, నేనొక్కణ్ణే తక్కెడ వదిలి సూది పట్టాను. ఆ అమ్మాయి నాన్న పట్టుపురుగుల రైతు. కూతురికి చదువు మీద పిచ్చి. ఖాళీ దొరికితే పాత స్లైడ్లు తీసి చూసుకుంటూ కూర్చునేది. నాకది చాదస్తంగా కనిపించేది.

పనిలో ఒక్క ముక్క చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. రక్తం చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి, ఆరబెట్టి, దాని మీద రంగు పోస్తాం. ఆ రంగునే స్టెయిన్ అంటాం. అప్పుడు రక్తకణాలు గులాబీ రంగులో గుండ్రంగా, శుభ్రంగా కనిపిస్తాయి. రంగు పాతదైనా, వడకట్టకపోయినా, సరిగా కడగకపోయినా మురికి పలక మీద నీలి చుక్కలుగా పేరుకుంటుంది. ఆ రోజుల్లో జిల్లా స్టోరు నుంచి మాకు వచ్చే స్టెయిన్ అంత గొప్పగా ఉండేది కాదు. నేను ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. స్టోరు కచేరిలో కూర్చున్న మనిషికీ నాకూ మాటల్లేవు. ఆ మనిషి మీద కోపంతో నేను రోజూ ల్యాబు తలుపు తెరిచేవాణ్ణి. ఈ కథలో మొదటి దోషం ఆ కోపానిదే.

అప్పుడు వచ్చాడొక రోగి. మిట్టేమరి దగ్గరి పల్లె. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండెకరాల మెట్ట ఉంది, వాన పడితే వేరుశెనగ. మిగతా రోజుల్లో చింతామణి టమోటా మార్కెట్‌లో హమాలీ. తెల్లవారక ముందే మొదలుపెట్టి పొద్దెక్కేదాకా బాక్సులు లారీకెత్తే పని. భుజాలు చూస్తే ఎద్దు మూపురంలా ఉన్నాయి కానీ ముఖంలో రక్తం చుక్క లేదు. కడుపు పట్టుకొని వంగిపోయి బెంచీ మీద కూర్చున్నాడు. భార్య ల్యాబు కిటికీ దగ్గర చీటీ పట్టుకొని నిలబడింది.

"ఏమమ్మా, ఏం కష్టం?" అన్నాను.

"కడుపునొప్పప్పా. పేగులు మెలిపెట్టి పిండినట్ల అవుతాదంట. ఎనిమిది దినాలాయె, దొడ్డికి పోయింది లేదు."

"తాగుతాడా?"

"లేదప్పా. ఇంటి దేవుని మీద ఒట్టు. సారాయి ముట్టడు."

నేను నవ్వాను. మా ఆసుపత్రిలో ఇంటి దేవుళ్ళ మీద పడినన్ని ఒట్లు గుళ్ళో కూడా పడివుండవు. హమాలీ అంటే తాగుతాడు, తాగితే కడుపునొప్పి వస్తుంది. లెక్క సరిపోయింది నాకు. తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారు కదా, ఆ అనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

డాక్టరు ముఖం పాలిపోయి ఉందని రక్తం చూడమన్నాడు. వేలు గుచ్చి స్లైడు వేశాను. కణాల నిండా నీలి చుక్కలు, సన్నగా, ఆవాల పొడి చల్లినట్టు. "చచ్చిన స్టెయిన్ పంపించినారు మళ్ళీ" అని స్టోరు మనిషిని తిట్టుకున్నాను. రిపోర్టులో రాశాను: రక్తం తక్కువ. మలేరియా లేదు. మరే విశేషమూ లేదు. కింద సంతకం.

"దీంట్లో ఏముండాదప్పా?" అని అడిగింది ఆమె, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి.

"ఏమీ లేదు పోమ్మా. ఒట్టి ఒంటినొప్పులు. ఆకుకూర బాగా పెట్టు."

ఒంటినొప్పులని చెప్పే అధికారం నాకెవరిచ్చారు? నేను డాక్టర్ని కాను. కిటికీ ఇవతల కూర్చున్నవాడికి అవతల ఉన్నవాళ్ళంతా చిన్నగా కనిపిస్తారు. మీరు కూర్చోబోయే కుర్చీ కూడా అదే, చూసుకోండి.

పదిహేను రోజులకు మళ్ళీ వచ్చారు. ఈసారి వార్డులో పడుకోబెట్టారు. అపెండిక్సేమోనని ఒకరు, గ్యాసని ఒకరు. రక్తం మొదటిసారి కన్నా తగ్గింది. చుక్కలు మొదటిసారి కన్నా పెరిగాయి. నా సంతోషం చూడాల్సింది. స్టెయిన్ ఎంత దరిద్రంగా ఉందో చూపించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదనుకున్నాను. ఆ స్లైడును దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను.

ఆ అమ్మాయి దాన్ని చూసి అడిగింది: "సార్, మురికైతే కణాల మధ్య ఖాళీ జాగాలో కూడా పడల్ల గదా. ఇవి కణాల లోపలే ఉండాయి. బయట ఒక్కటీ లేదు."

"నువ్వు పుట్టకముందు నుంచి రంగు పోస్తాండా నేను. మురికికి లోపలేంది, బయటేంది?"

"అది గాదు సార్..."

"పోయి మూత్రం శాంపిళ్ళు చూడుపో."

వెళ్ళింది. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకేం చేస్తుంది? నేను నింపాదిగా కూర్చొని జిల్లా అధికారులకు రెండు పేజీల అర్జీ రాశాను. మీ స్టెయిన్ వల్ల రోగుల ప్రాణాలకు ముప్పు అని కూడా రాశాను. స్లైడు జత చేసి పంపాను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మనందరికీ వచ్చు. అది మన గురించే అని ఎప్పుడూ తోచదు. రిపోర్టులో మాత్రం మళ్ళీ అదే రాశాను, మరే విశేషమూ లేదని. మూడు రోజులుంచుకొని, ఎనిమా ఇచ్చి, ఆ మనిషిని ఇంటికి పంపేశారు.

ఆ తరువాత నెల రోజులు అతను రాలేదు. ఆ నెలలో ఏం జరిగిందో నాకు తరువాత తెలిసింది. ఇక్కడ రాస్తేనే మీకు వరుసగా అర్థమవుతుంది.

ఆసుపత్రిలో ఏమీ లేదన్నారు, మనిషి మాత్రం రోజురోజుకూ ఎండిపోతున్నాడు. అప్పుడు మా పక్క పల్లెల్లో వచ్చే అనుమానం ఒక్కటే, మద్దు పెట్టారని. వశం చేసుకోవడానికో, పగ తీర్చుకోవడానికో అన్నంలో ఏదో కలిపి పెడితే అది కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళు కూడా ఉన్నారు. అతని తల్లి అతన్ని అలాంటి మనిషి దగ్గరికి తీసుకుపోయింది. ఏదో పసరు తాగించి వాంతి చేయించి, బయటపడిన నల్లటి ముద్దను చూపించి, "ఇంట్లోవాళ్ళే పెట్టినారు" అన్నాడట. ఇంట్లోవాళ్ళంటే ఎవరు? కోడలు. ఆ రోజు నుంచి ముసలామె కోడలి చేతి నీళ్ళు తాగలేదు, కొడుకును తాగనివ్వలేదు. అన్నం వేరే పొయ్యి మీద తనే వండి, తనే కలిపి, కొడుక్కు తినిపించేది.

మూడోసారి వచ్చిన రోజు సోమవారం. అతన్ని చూసి గుర్తుపట్టలేదు. రెండు చేతులూ మణికట్టు దగ్గర నుంచి కిందికి వేలాడుతున్నాయి. చెయ్యి చాపమంటే చాపుతాడు, అరచెయ్యి పైకి లేవదు. రక్తం తీయడానికి వేలు నేనే ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. బాక్సులెత్తిన చెయ్యి తడిబట్టలాగా నా చేతిలో పడింది.

ఆ అమ్మాయి నన్నేమీ అడగలేదు. అతని స్లైడు వేసింది. బీరువాలోంచి ఇంకో రెండు స్లైడ్లు తెచ్చింది, ఇంకా రంగు వేయనివి. ఒకటి సాదలి నుంచి వచ్చిన పట్టు రీలింగ్ కార్మికుడిది, ఇంకొకటి దిబ్బూరహళ్ళి లారీ డ్రైవరుది. ఇద్దరూ ముందు వారమే కడుపునొప్పని వచ్చారు, ఇద్దరికీ చుక్కలున్నాయి. నాకు చెప్పకుండా ఒక్కొక్కరికీ రెండో స్లైడు వేసి, రంగు పోయకుండా దాచుకుందట. ఇప్పుడు నా ముందుకు వచ్చి నిలబడింది.

"చెయ్యి ఇట్లియ్యండి సార్."

"ఎందుకు?"

"ఇయ్యండి."

ఇచ్చాను. నా వేలు గుచ్చి స్లైడు వేసింది. తన వేలు గుచ్చుకొని ఇంకొకటి. అయిదు పలకలూ ఒకే ట్రేలో వరుసగా పెట్టి, నేను శపిస్తున్న అదే సీసాలోని స్టెయిన్, ఒకే గడియలో పోసి, ఒకే నీళ్ళతో కడిగింది. ఆరిన తరువాత మైక్రోస్కోపు నా వైపు తిప్పింది.

నా రక్తం శుభ్రంగా ఉంది. ఆ అమ్మాయిది శుభ్రంగా ఉంది. ఆ ముగ్గురివీ చుక్కలే.

ఇంతే పని. పది నిమిషాలు. పక్కన మంచి రక్తం పెట్టి పోల్చి చూడమని ట్రైనింగులో మొదటి వారమే చెబుతారు. ముప్పై ఏళ్ళ సర్వీసు దాటిన నా తలకు ఆ పది నిమిషాల పని తట్టలేదు. నేను ఆరితేరినవాణ్ణి, నాకు పోలిక ఎందుకు అనే మదం.

"ఇది సీసం సార్. సీసం విషం ఎక్కినోళ్ళ రక్తంలో ఇట్లే ఉంటాదని డిప్లొమాలో బొమ్మ చూపించినారు," అని ఫోనులో ఆ బొమ్మ తీసి చూపించింది. నాకూ చూపించే ఉంటారు. ఎప్పుడో.

"సీసం యాడి నుంచి వస్తాది? హమాలీకీ, డ్రైవర్‌కీ, రీలింగ్ చేసేవానికీ?" అన్నాను.

అంతలోనే బయట వరండాలో కేకలు. అతని తల్లి కోడలి జుట్టు పట్టుకొని ఉంది. "ఇదే నా కొడుక్కు మద్దు పెట్టింది! కండ్లారా చూస్తి. నల్లగా ఏందో నీళ్ళల్లో అరగదీసి తాపుతాండె!"

నలుగురూ చుట్టూ చేరి చూస్తున్నారు. ఆ అమ్మాయి వెళ్ళి ఇద్దర్నీ విడదీసి, కోడలిని ల్యాబులోకి తెచ్చి తలుపు వేసింది. నీళ్ళిచ్చింది. తరువాత అడిగింది: "అక్కా, నల్లగా ఏం తాపుతాంటివి?"

ఆమె నా వైపు చూసింది. "పోలీసోళ్ళకు చెప్తారా?"

"చెప్పం."

కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. మిరియం గింజకు రెండింతలున్న నల్ల ఉండలు, అయిదో ఆరో. వాళ్ళ మార్కెట్‌లో వాటిని నొప్పి ఉండలంటారు. గసగసాల కాయ పాలతో చేసిన నల్లమందు. నడుమునొప్పికి, నిద్రకు, బరువు తెలియకుండా ఉండటానికి హమాలీలు వేసుకుంటారు. హైవే మీది లారీల్లో దిగుతుందట, ఎవడు దించుతాడో ఎవరికీ తెలియదట. అందరికీ తెలిసినవాడి గురించి చెప్పేటప్పుడు మన జనం అలాగే చెబుతారు.

డాక్టరు హాసన్ జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు, మంచివాడు, పగలంతా మూడు వందల మందిని చూసి అలసిపోయేవాడు. స్లైడ్లు చూశాడు. వెళ్ళి రోగి పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళ అంచున పెన్సిలుతో గీసినట్టు సన్నటి నీలి గీత. తిరిగి వచ్చి నన్ను కన్నడంలో అడిగాడు, ముందు రెండుసార్లు కూడా ఈ చుక్కలున్నాయా అని.

"ఉన్నాయి సార్. స్టెయిన్ అనుకున్నాను."

నా ముఖంలోకి చూసి, తల వంచుకొని బెంగళూరుకు రెఫరల్ కాగితం రాయడం మొదలుపెట్టాడు.

బెంగళూరులో రక్తం పరీక్ష చేస్తే సీసం. ఉండలు పరీక్ష చేస్తే వాటిలోనూ సీసమే. ఎందుకు కలుపుతారంటారా? బరువుకు. నల్లమందును తూకం మీద అమ్ముతారు. పాత బ్యాటరీల సీసం చవక, నల్లగా కలిసిపోతుంది, తక్కెడను కిందికి లాగుతుంది. అంతే కారణం. అంత చిన్న కారణానికి ఒక మనిషి రెండు చేతులు పోయాయి. మా తాత బియ్యంలో రాళ్ళు కలిపిన వ్యాపారిని అంగడి మెట్లెక్కనిచ్చేవాడు కాదు. రాయి పంటి కింద పడితే ఉమ్మేయవచ్చు. దీన్ని ఉమ్మేది ఎలా?

అంతకన్నా నీచం ఇంకొకటుంది. సీసం ఎక్కితే కడుపులో మెలిపెడుతుంది, మలం బిగుసుకుంటుంది. ఆ నొప్పిని చంపేది మళ్ళీ నల్లమందే. నొప్పి పుట్టించేదీ ఉండే, నొప్పి తగ్గించేదీ ఉండే. అందుకే నొప్పి పెరిగినకొద్దీ ఉండలు పెరుగుతాయి, ఉండలు పెరిగినకొద్దీ సీసం. మానేద్దామంటే ఒళ్ళు వణుకు, వాంతులు, విరేచనాలు. ఇంటి దగ్గర ఒంటరిగా మానడం అయ్యే పని కాదు, డాక్టరు మందిచ్చి మెల్లగా దింపాలి. వీళ్ళను బుద్ధిలేనివాళ్ళని తిట్టే పెద్దమనుషులను ఒక్కరోజు పొద్దున నాలుగు గంటలకు టమోటా మార్కెట్‌కు రమ్మనండి. లారీకి బాక్సులెత్తించి, ఆ తరువాత నీతులు చెప్పమనండి.

సర్కారు ఇలాఖాలు ఏం చేశాయో కూడా వినండి. పోలీసులు దాడి చేసి ఇద్దరు హమాలీలను పట్టుకున్నారు, జేబుల్లో రెండేసి ఉండలతో. పేపర్లో ఫోటో వేయించారు. కలిపినవాడు దొరకలేదు, అమ్మినవాడు దొరకలేదు, తిన్నవాడు దొరికాడు. బడి పిల్లలకు టోపీలు పెట్టి వీధుల్లో ఊరేగింపు తీయించారు. దాంతో భయపడి మిగతావాళ్ళు ఆసుపత్రికి రావడమే మానేశారు. సాదలి మనిషిని వెదికి తెచ్చుకోగలిగాం, చికిత్స ఇప్పించాం. దిబ్బూరహళ్ళి డ్రైవరు ఫోను తీయలేదు. కొన్నాళ్ళకు వేరే సరుకు వచ్చింది. దాంట్లో నిద్రమాత్రల పొడి కలుపుతున్నారని వార్డులో చెప్పుకున్నారు. నల్లమందూ నిద్రమాత్రా కలిస్తే మనిషి గురక పెడుతూ పెడుతూ ఊపిరి మరిచిపోతాడు. అలా ఎవరైనా లేపినా లేవకుండా పడివుంటే తెల్లవారేదాకా చూడకండి, అంబులెన్సు పిలవండి. కేసవుతుందని భయపడేవాళ్ళు శవాన్ని దాచలేరు కదా.

ఇంత జరిగిన తరువాత జిల్లా నుంచి నా అర్జీకి జవాబు వచ్చింది. మీరు పంపిన స్లైడును పరిశీలించడమైనది, స్టెయిన్ నాణ్యత తృప్తికరంగా ఉన్నది, ఇకమీదట ఆధారం లేని ఫిర్యాదులు పంపరాదు అని. అంటే అక్కడా ఒకడు ఆ స్లైడు చూశాడు. చుక్కలు స్టెయినువి కావని కూడా వాడికి తెలిసింది. మరి ఎక్కడివో అని వాడికీ తోచలేదు. ఆ కాగితం చదివి చాలా రోజుల తరువాత నవ్వాను, ఆ అమ్మాయి భయపడేంత గట్టిగా.

అతనికి బెంగళూరులో వారాల తరబడి మందిచ్చారు. రక్తంలో సీసం దిగింది. కడుపునొప్పి పోయింది. ఉండలు మానడానికీ అక్కడే మందిచ్చారు, మానేశాడు. చేతులు మాత్రం లేవలేదు. నరాలు ఆలస్యంగా కోలుకుంటాయి, ఏడాది చూద్దామన్నారు. ముందే వచ్చివుంటే అన్నారు. ముందే వచ్చాడయ్యా. రెండుసార్లు వచ్చాడు.

ఏడాది తరువాత, నా రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా, ఆ అమ్మాయి ఒకరోజు సంచీ సర్దుకుంటూ అడిగింది. "సార్, ఆ హమాలీ పెండ్లానికి చెప్తిరా?"

"ఏం చెప్పల్ల?"

"ముందే చుక్కలు చూసి ఏమీ లేదని రాసింది. వాళ్ళత్త ఇంకా ఆ యక్కనే అంటాందంట సార్. విషమని డాక్టర్లే చెప్పినారు గదా, కలిపి తాపింది ఇదే గదా అని. మందు చీటీకి వచ్చినప్పుడు చెప్పి ఏడ్చింది. మన పరీక్షతో ఆ యక్క నెత్తిన ఇంకా పడె."

ఇది నేను ఊహించలేదు. నిజం బయటపడితే కోడలి మీద నింద పోతుందనుకున్నాను. ముసలామెకు నిజం వేరుగా వినిపించింది. మద్దు పెట్టిందని తను అన్నది, డాక్టర్లు విషమే అన్నారు, నల్ల ఉండ అరగదీసి ఇచ్చింది కోడలు. కొడుకు "నేనే అడిగి తాగితినమ్మా" అంటే, మద్దు తిన్నవాడు పెట్టినవాళ్ళ పక్కనే మాట్లాడతాడని కొట్టిపారేసింది.

ఆదివారం బస్సెక్కి మిట్టేమరిలో దిగి నడిచాను. వాళ్ళ ఇంటి ముందు కోడలు వేరుశెనగ కట్టె ఏరుతోంది. అరుగు మీద అతను కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో వేలాడేసుకొని. పక్కనే తల్లి, సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టుకొని, చిన్న చిన్న ముద్దలు చేసి అతని నోట్లో పెడుతోంది. మూడు పదులు దాటిన కొడుకు, డెబ్భై దగ్గరపడ్డ తల్లి. కోడలు నన్ను చూసి లేచి నిలబడింది. నీళ్ళు తేబోయి, అత్త వైపు చూసి ఆగిపోయింది.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననుకొని కోడలి వైపు తిరిగాను. "అమ్మా, నీకొకటి చెప్పల్ల. మీరు మొదటిసారి వచ్చినప్పుడే ఆయప్ప రక్తంలో తేడా కనిపించింది నాకు. రెండోసారీ కనిపించింది. రంగు మురికి అనుకొని, ఏమీ లేదని రాసిస్తిని. తప్పు నాది."

కోడలు చేతిలోని కట్టె కింద పెట్టింది.

"ఏమీ లేదు, ఒంటినొప్పులన్నావు గదప్పా," అంది మెల్లగా. "ఒంటినొప్పులకే గదా ఆ ఉండలు. నువ్వు అట్ల చెప్పినంక అత్తకు తెలీకుండా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఎక్కువిస్తి. లేకుంటే ఇస్తాంటినా నేను?"

ఆ నెలన్నర సీసం నా సంతకంతో వెళ్ళింది. పోలీసులు వెదకవలసినవాళ్ళలో ఒకడు ఇంత దూరం బస్సులో వచ్చి వాళ్ళ ముంగిట్లో నిలబడి ఉన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. అరుగు దగ్గరికి నడిచి అత్త ముందు నిలబడింది. "అత్తా, ఈయప్ప ఏమి చెప్తాండాడో విను." తరువాత నా వైపు తిరిగి, "మా అత్తకు చెవుడు. గట్టిగా చెప్పప్పా. అందురూ వినల్ల," అంది.

చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కింటి గడపలోకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎదురింటి ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. కోడలు మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. చూశాను, చూసి ఏమీ లేదని రాశాను, నేను అలా రాసినందుకే ఈ అమ్మ ఉండలు ఎక్కువిచ్చింది, ఈ అమ్మ తప్పు లేదు. అతను నా వైపు చూడలేదు, పళ్ళెం వైపే చూస్తున్నాడు.

ముసలామె వేళ్ళకంటిన సంగటి పళ్ళెం అంచున రాసింది. తరువాత పళ్ళెం కోడలి వైపు జరిపి, "ఇంద, నువ్వు పెట్టు వానికి," అంది.

కోడలు కొంగుతో చేతులు తుడుచుకొని భర్త పక్కన కూర్చుంది. ముసలామె తల ఎత్తి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది. సంచీ పట్టుకున్న నా చేతుల దగ్గర చూపు ఆపింది.

"నీ చేతులు బాగుండాయి గదప్పా," అంది.